సామ్ రిజిస్ట్రేషన్ గడువు ముంచుకొస్తోంది, సీపీఏ గారు ఫోన్ ఎత్తడం లేదు

ప్రశ్న: నమస్తే అండీ. మేం వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఉంటాం. ఆరేళ్ల కిందట నా పేరు మీద చిన్న ఐటీ సర్వీసెస్ ఎల్‌ఎల్‌సీ పెట్టాను. మొదట్లో పెద్ద కంపెనీల దగ్గర సబ్‌కాంట్రాక్టు పనులు చేశాం. రెండేళ్లుగా ఒక ఫెడరల్ ఏజెన్సీకి నేరుగా చిన్న కాంట్రాక్టు చేస్తున్నాం. ఫెడరల్ కాంట్రాక్టులు కోరే కంపెనీలు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు సామ్ డాట్ గవ్‌లో మా రిజిస్ట్రేషన్ చేసిందీ, ఏటా రెన్యూ చేస్తున్నదీ మా సీపీఏ (అకౌంటెంటు) గారే. మా ఊరి తరఫు వాళ్లు, అన్నయ్యా అని పిలుస్తాం. ఈ మధ్య ఆయన టెక్సస్ వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే దొరకడం లేదు. రిజిస్ట్రేషన్ వచ్చే నెల 20తో ముగుస్తుంది. 26న ఒక మంచి బిడ్ వేయాలి. మేమేమో ఈ మధ్యే షాంటిలీ నుంచి ఆఫీసు మార్చాం, బ్యాంకూ మార్చాం. సామ్‌లో ఇవేవీ ఎక్కలేదు. ‘మీ రిజిస్ట్రేషన్ రద్దవబోతోంది, 599 డాలర్లు కట్టండి’ అని రోజూ మెయిల్స్ వస్తున్నాయి. కట్టేస్తే గొడవ వదిలిపోతుందా? ఇంకో రెండు సందేహాలు. హైదరాబాద్‌లో మా మరిది నడిపే కంపెనీలో నాకు సగం వాటా ఉంది. ఆ సంగతి ఎక్కడైనా చెప్పాలా? నేను ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నాను. మహిళ యాజమాన్యంలోని కంపెనీ అని పెట్టుకోవచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ 599 డాలర్ల సంగతి తేల్చేద్దాం. కట్టకండి. సామ్‌లో రిజిస్టర్ చేసుకోవడానికీ, రెన్యూ చేసుకోవడానికీ, వివరాలు మార్చుకోవడానికీ అమెరికా ప్రభుత్వం ఒక్క సెంటు కూడా తీసుకోదు. ఆ మెయిల్స్ మీకు ఎలా వస్తున్నాయంటే, సామ్‌లో ఉన్న కంపెనీల పేరు, చిరునామా, గడువు తేదీ చాలావరకు ఎవరైనా చూడగలిగే సమాచారమే. గడువు దగ్గరపడ్డ కంపెనీలను ఏరి, ప్రభుత్వ ముద్రలా కనిపించే బొమ్మ ఒకటి పైన పెట్టి, ‘ఆఖరి నోటీసు’ అని ఎర్ర అక్షరాల్లో పంపిస్తారు. వాళ్లలో కొందరు డబ్బు తీసుకుని నిజంగానే ఫారం నింపి పెడతారు, కొందరు తీసుకుని మాయమవుతారు. ఏ రకమైనా మీకు అక్కర్లేదు. నిజమైన మెయిల్ చిరునామా చివర డాట్ గవ్ అని (రక్షణ శాఖ నుంచైతే డాట్ మిల్ అని) ఉంటుంది, డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ యూఎస్ అని ఉండదు. ఏ మెయిల్ వచ్చినా అందులోని లింకు నొక్కకుండా, బ్రౌజర్‌లో మీరే సామ్ డాట్ గవ్ అని కొట్టి లోపలికి వెళ్లండి.

డబ్బు కట్టి వదిలించుకుందామనే ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థమైంది. మీ కంపెనీ రికార్డు మీ చేతిలో లేదు. సీపీఏ గారి మీద ఆధారపడినట్టే ఇప్పుడు ఇంకొకరి మీద ఆధారపడదామని చూస్తున్నారు. గడువు తేదీ కన్నా పెద్ద సమస్య అదే. మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

సామ్‌లోకి ఎవరైనా తమ సొంత లాగిన్ డాట్ గవ్ (ప్రభుత్వ వెబ్‌సైట్లలోకి వెళ్లే లాగిన్) ఖాతాతోనే వెళ్లాలి. ఆ ఖాతా ఒక మనిషిది, ఒక ఈమెయిల్‌ది. కంపెనీ రికార్డు మీద పూర్తి అధికారం ‘ఎంటిటీ అడ్మినిస్ట్రేటర్’ అనే హోదా ఉన్న వాళ్లకే ఉంటుంది. మీ విషయంలో ఆ హోదా మీ సీపీఏ గారి ఈమెయిల్‌కి ఉంది, బహుశా ఆయన ఒక్కరికే ఉంది. గడువుకు 60, 30, 15 రోజుల ముందు సామ్ నుంచి వచ్చే హెచ్చరికలు కూడా ఆయన చూడని ఇన్‌బాక్స్‌కే పోతుంటాయి. కంపెనీ మీది, సంతకం మీది, తప్పు జరిగితే బాధ్యతా మీదే. రికార్డు తెరవగలిగింది మాత్రం ఆయన ఒక్కరే.

మన వాళ్లలో ఇది చాలా మామూలు. తెలిసినాయన, మన ఊరాయన, ఫీజు కూడా తక్కువే తీసుకుంటాడు, ఆయనకే వదిలేద్దాం అనుకుంటాం. తర్వాత లాగిన్ అడగాలంటే మొహమాటం, ‘నమ్మడం లేదనుకుంటారేమో’ అని. అడగండి. ఆయన్ని అనుమానించినట్టు కాదు, ఆయన మీద ఉన్న బరువు దించినట్టు. మంచి సీపీఏ అయితే తన క్లయింటు రికార్డుకు తానొక్కడే అడ్మినిస్ట్రేటర్‌గా ఉండాలని కోరుకోడు.

ఫోన్ ఎత్తకపోతే వాట్సాప్‌లో ఇలా రాయండి: ‘అన్నయ్యా, సామ్‌లో మా కంపెనీ రికార్డుకు నన్ను ఎంటిటీ అడ్మినిస్ట్రేటర్‌గా చేర్చాలి. నా ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ డాట్ గవ్ ఖాతా తెరిచాను. మీకు లోపలికి వెళ్తే ఐదు నిమిషాల పని. శుక్రవారం లోపు చేసి పెట్టండి, బిడ్ ఉంది.’ అడిగేదేమిటో, ఎప్పటికి కావాలో అందులో ఉండాలి. ‘వీలు చూసుకుని ఒకసారి కాల్ చేయండి’ అని మాత్రం రాయకండి, అలాంటి మెసేజ్‌కి పది రోజులైనా జవాబు రాదు. ఆయన పాస్‌వర్డ్ అడగకండి, ఇచ్చినా తీసుకోకండి. లాగిన్ డాట్ గవ్ కోడ్ ఆయన ఫోన్‌కే వెళ్తుంది కాబట్టి అది మీకు పనికి రాదు, ఒకరి ఖాతా ఇంకొకరు వాడటం నిబంధనలకు కూడా విరుద్ధం.

ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా రెండో దారి కూడా ఈ వారమే మొదలుపెట్టండి. అడ్మినిస్ట్రేటర్ అందుబాటులో లేకపోతే, కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం ఉన్న వ్యక్తి, అంటే మీరు, కంపెనీ లెటర్‌హెడ్ మీద ‘ఫలానా వారిని ఎంటిటీ అడ్మినిస్ట్రేటర్‌గా నియమిస్తున్నాను’ అని ఉత్తరం రాసి, నోటరీ ముందు సంతకం చేసి, సామ్ వాడే వాళ్లకు సాయం చేసే ఫెడరల్ సర్వీస్ డెస్క్ వెబ్‌సైట్‌లో టికెట్ (సాయం కోసం అభ్యర్థన) తెరిచి జతచేయాలి. ఉత్తరం నమూనా అక్కడే దొరుకుతుంది. అందులోని మాటలు మార్చకండి, ఖాళీలు మాత్రమే నింపండి. మీ బ్యాంకు బ్రాంచిలోనే నోటరీ ఉంటారేమో అడగండి, చాలా బ్యాంకులు ఖాతాదారులకు ఉచితంగా చేసిపెడతాయి. ఈ నోటరీ పద్ధతి 2018లో వచ్చింది. ఆ ఏడాది కొందరు మోసగాళ్లు సామ్‌లో కంపెనీల బ్యాంకు ఖాతా వివరాలు మార్చేసి, ప్రభుత్వం పంపే డబ్బు తమ ఖాతాల్లోకి మళ్లించుకోబోయారు. సామ్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ జీఎస్‌ఏ అప్పటి నుంచి ఈ ఉత్తరం అడుగుతోంది. ఈ తతంగం విసుగనిపించినా, అది మీ డబ్బుకు కాపలా.

మీ చేతికి అధికారం వచ్చాక మీ ఆఫీసులోనే నమ్మకస్తులైన ఇంకొకరిని కూడా అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టండి, మీ వారైనా సరే. సీపీఏ గారి సాయం ముందుముందు కూడా కావాలనుకుంటే వివరాలు నింపే హోదా మాత్రం ఆయనకు ఉంచండి. అడ్మినిస్ట్రేటర్ హోదా తీసేయండి.

ఇక చిరునామా. ఎక్కువ కంపెనీలు ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

సామ్‌లో మీరు పేరు, చిరునామా నింపగానే అవి నిజమా కాదా అని చూసే పరీక్ష ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 4 దాకా ఈ పని డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే ప్రైవేటు సంస్థ ఇచ్చే డన్స్ నంబరు ద్వారా జరిగేది. ఆ రోజు నుంచి డన్స్ పోయి, సామ్ తానే కంపెనీకి ఇచ్చే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య, యూఈఐ వచ్చింది. ఇప్పుడు మీ పేరు, భౌతిక చిరునామా బయటి రికార్డులతో సరిపోతే ముందుకు వెళ్తారు. సరిపోకపోతే కాగితాలు అప్‌లోడ్ చేయమంటుంది, వాటిని ఒక మనిషి కూర్చుని చూడాలి. రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది ఆ మెట్టు దగ్గరే.

అందుకని సామ్ తెరవక ముందే మిగతా చోట్ల సర్దుకోండి. మొదట రాష్ట్రంలో కంపెనీలను నమోదు చేసే వర్జీనియా స్టేట్ కార్పొరేషన్ కమిషన్ వెబ్‌సైట్‌లో మీ ఎల్‌ఎల్‌సీ పేజీ తీసి చూడండి. ప్రధాన కార్యాలయం అన్న చోట ఇంకా షాంటిలీయే ఉంటే ఆన్‌లైన్‌లోనే మార్చుకోండి. అక్కడే మీ వార్షిక రిజిస్ట్రేషన్ ఫీజు 50 డాలర్లు కట్టి ఉందో లేదో కూడా చూడండి. అది మర్చిపోయి రాష్ట్రం దగ్గర కంపెనీ ‘యాక్టివ్’ హోదా పోగొట్టుకుంటే, ఫెడరల్ రికార్డు ఎంత బాగున్నా ఉపయోగం ఉండదు. రెండోది పన్నుల శాఖ ఐఆర్‌ఎస్. కంపెనీ పన్ను నంబరు ఈఐఎన్ ఇచ్చినప్పుడు వాళ్లు పంపిన సీపీ 575 ఉత్తరం మీ ఫైల్లో ఉంటుంది. దొరక్కపోతే ఐఆర్‌ఎస్‌కి ఫోన్ చేసి 147సీ ఉత్తరం అడగండి. సామ్ మీ ఈఐఎన్‌ని, పేరుని ఐఆర్‌ఎస్ దగ్గర సరిచూస్తుంది. ఆ ఉత్తరంలో పేరు ఎలా ఉందో సామ్‌లో పన్ను వివరాల దగ్గర అలాగే ఉండాలి. ఒక చోట ‘టెక్నాలజీస్’, ఇంకో చోట ‘టెక్’ అని ఉందా, ఆగిపోతుంది. ఐఆర్‌ఎస్‌కి చిరునామా మార్పు ఫారం 8822-బి మీద చెప్పాలి. కంపెనీకి బాధ్యుడైన వ్యక్తిగా అప్పట్లో సీపీఏ గారు పొరపాటున తన పేరు రాసి ఉంటే, దాన్ని మీ పేరుకు మార్చేదీ అదే ఫారం.

తర్వాత కొత్త ఆఫీసు చిరునామా ఎలా రాయాలో ఒకే రకంగా నిర్ణయించుకోండి. సూట్ నంబరు ఉంటే దాన్ని ఎక్కడ, ఎలా రాస్తారో కూడా. లీజులో ‘సూట్ 210’, కరెంటు బిల్లులో ‘210’, బ్యాంకు స్టేట్‌మెంటులో అసలు నంబరే లేకుండా ఉంటే, వీటిని చూసే వాళ్లకు మూడు వేర్వేరు చిరునామాల్లా కనిపిస్తాయి. కాగితాలు అప్‌లోడ్ చేయాల్సి వస్తే, కంపెనీ చట్టబద్ధమైన పేరు, కొత్త చిరునామా రెండూ ఒకే కాగితం మీద ఉన్నవి ఏరి పెట్టుకోండి. కమిషన్ నుంచి వచ్చిన తాజా పత్రం, కంపెనీ పేరు మీద వచ్చిన కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు లాంటివి. మీ సొంత పేరు మీద ఉన్న బిల్లులు వద్దు. భౌతిక చిరునామా దగ్గర పోస్టాఫీసు బాక్సు నంబరు రాయకండి, తీసుకోరు.

యూఈఐ విషయంలో భయం వద్దు. చిరునామా మారితే యూఈఐ మారదు, దానికి గడువు కూడా లేదు. గడువు ఉండేది రిజిస్ట్రేషన్‌కే. ఈ రెండూ ఒకటే అనుకుని ‘మాకు యూఈఐ ఉంది కదా’ అని ధీమాగా ఉండిపోయే వాళ్లున్నారు. సబ్‌కాంట్రాక్టరుకు చాలాసార్లు యూఈఐ ఒక్కటే చాలు. నేరుగా బిడ్ వేయాలంటే పూర్తి రిజిస్ట్రేషన్ ఉండాలి, అదీ ‘ఆల్ అవార్డ్స్’ రకం. గ్రాంట్ల కోసం మాత్రమే చేసుకునే రకం ఇంకొకటుంది, దాంతో కాంట్రాక్టు బిడ్ వేయలేరు. మీకు ఇప్పటికే నేరుగా కాంట్రాక్టు ఉంది కాబట్టి సరైన రకమే ఉండాలి. అయినా తెరిచినప్పుడు ఒకసారి చూసుకోండి.

అన్నీ నింపి సబ్‌మిట్ చేశాక ఐఆర్‌ఎస్ పరిశీలన, ఆ తర్వాత రక్షణ శాఖలోని డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీ చేసే కేజ్ కోడ్ (వాళ్లు కంపెనీకి ఇచ్చే గుర్తింపు కోడ్) పరిశీలన. మీ కేజ్ కోడ్ పాతదే ఉంటుంది, కానీ చిరునామా మారింది కాబట్టి వాళ్లకు సందేహం వచ్చి మెయిల్ చేయొచ్చు. ఆ మెయిల్ రికార్డులో కాంటాక్టుగా ఉన్న వ్యక్తికి వెళ్తుంది. అక్కడ ఇంకా సీపీఏ గారి ఈమెయిలే ఉంటే, జవాబు రాలేదని మీ దరఖాస్తు వెనక్కి వచ్చేస్తుంది. అందుకే కాంటాక్టుల పేజీలో పేర్లన్నీ మార్చేదాకా సబ్‌మిట్ నొక్కకండి.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. గడువు తీరకముందు మార్పులు సబ్‌మిట్ చేస్తే, అవి పరిశీలనలో ఉన్నంతసేపూ పాత రికార్డు పాత గడువు తేదీ దాకా యాక్టివ్‌గానే ఉంటుంది. పరిశీలన పూర్తయితే కొత్త గడువు మీరు సబ్‌మిట్ చేసిన రోజు నుంచి 365 రోజులు. ముందే చేస్తే మిగిలిన రోజులు పోతాయని కొందరు ఆఖరి వారం దాకా ఆగుతారు. పోతే పోనివ్వండి, ఉచితంగా వచ్చేదే కదా. మీకు ఇంకా కొన్ని వారాలు ఉన్నాయి. అంతా సాఫీగా సాగితే పది పని రోజుల్లో అయిపోవచ్చు. చిరునామా మార్పు ఉంది కాబట్టి అంత నమ్మకం పెట్టుకోకుండా ఈ వారమే దిగండి.

బిడ్ సంగతి. ఫెడరల్ కొనుగోళ్ల నిబంధనల్లో 52.204-7 అనే క్లాజు ఉంది, మీ బిడ్ పత్రంలో కూడా కనిపిస్తుంది. బిడ్ సమర్పించే సమయానికీ, కాంట్రాక్టు ఇచ్చే సమయానికీ మీ రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉండాలంటుంది. ఇదివరకు ఈ రెండింటి మధ్య కూడా ఖాళీ లేకుండా ఉండాలని రాసి ఉండేది. మధ్యలో కొద్దిపాటి ఖాళీ వచ్చినా కాంట్రాక్టుకు అనర్హులేనని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు తీర్పులు కూడా ఇచ్చింది. 2024 నవంబరులో ఆ మాట సవరించారు. ఇప్పుడు సమర్పించే రోజు, కాంట్రాక్టు ఇచ్చే రోజు యాక్టివ్‌గా ఉంటే చాలు. మీకు మాత్రం ఈ సవరణ వల్ల ఒరిగేదేమీ లేదు. 20న గడువు తీరి, 26న బిడ్ వేస్తే, బిడ్ వేసే రోజే రిజిస్ట్రేషన్ లేనట్టు. ‘పెట్టేశాం, ప్రాసెస్‌లో ఉంది’ అంటే కాంట్రాక్టింగ్ ఆఫీసర్ (ఏజెన్సీ తరఫున కాంట్రాక్టు ఇచ్చే అధికారి) ఏమీ చేయలేరు.

ఇప్పుడు చేస్తున్న కాంట్రాక్టు గురించి మీరు అడగలేదు, కానీ నాకు ఎక్కువ ఆందోళన దాని గురించే. బ్యాంకు మార్చాం, సామ్‌లో మార్చలేదు అన్నారు. ప్రభుత్వం మీ ఇన్‌వాయిస్ డబ్బు పంపేది సామ్‌లో ఉన్న ఖాతాకే. పాత ఖాతా మూసేశారా? మూసేస్తే డబ్బు వెనక్కి పోతుంది. పైగా సామ్‌లో బ్యాంకు వివరాలు తప్పుగా ఉంటే, అవి సరయ్యేదాకా చెల్లించాల్సిన పని ప్రభుత్వానికి లేదని మీ కాంట్రాక్టులోని చెల్లింపు క్లాజే చెబుతుంది, ఆలస్యానికి వడ్డీ కూడా అడగలేరు. పాత ఖాతా ఇంకా తెరిచే ఉంటే, కొత్తది సామ్‌లోకి ఎక్కి ఒక ఇన్‌వాయిస్ డబ్బు దాంట్లో పడేదాకా మూయకండి. ఆఫీసు మారిన సంగతి మీ కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కి విడిగా మెయిల్ రాసి చెప్పండి. సామ్‌లో మారిస్తే వాళ్లకు దానంతటదే తెలిసిపోతుందనుకోకండి. కాంట్రాక్టు నడిచినంత కాలం, ఆఖరి చెల్లింపు వచ్చేదాకా మీ రికార్డును సరిగా ఉంచుకునే బాధ్యత కూడా మీదేనని కాంట్రాక్టులోనే ఉంటుంది. రెన్యువల్ ఏడాదికొకసారి వస్తుంది, ఈ బాధ్యత మాత్రం ప్రతి మార్పుకూ వర్తిస్తుంది.

ఇక హైదరాబాద్ కంపెనీ. చాలామంది మన వాళ్లు ఇది చెప్పక్కర్లేదనుకుంటారు, ‘అది ఇండియాది కదా’ అని. చిన్న వ్యాపారాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఎస్‌బీఏ లెక్కలో అలా కాదు. మీ కంపెనీ చిన్న వ్యాపారమా కాదా అని చూసేటప్పుడు, మీ నియంత్రణలో ఉన్న కంపెనీలన్నిటి ఆదాయం కలుపుతారు, అవి అమెరికాలో ఉన్నా, విదేశంలో ఉన్నా. 50 శాతం గానీ అంతకు మించి గానీ వాటా ఉంటే నియంత్రణ ఉన్నట్టే. రోజువారీ వ్యవహారం మరిది గారు చూసుకుంటున్నా మీకు సగం వాటా ఉంది కాబట్టి ఆ ఆదాయం మీ లెక్కలోకి వస్తుంది. దీనికి భయపడనక్కర్లేదు. కంప్యూటర్ సిస్టమ్స్ డిజైన్ పనులకు వాడే 541512 అనే పని కోడ్ కింద చిన్న వ్యాపారానికి పరిమితి 3.4 కోట్ల డాలర్లు, అదీ ఐదేళ్ల సగటు ఆదాయం మీద. రెండు కంపెనీలూ కలిపినా మీరు దాని దరిదాపుల్లో ఉండకపోవచ్చు. కానీ సామ్‌లో సగటు ఆదాయం అడిగే చోట రెండింటినీ కలిపిన అంకె ఉండాలి. మరిది గారి దగ్గర ఐదేళ్ల ఆడిట్ అయిన లెక్కలు తెప్పించుకుని, రూపాయలను డాలర్లలోకి ఎలా మార్చారో ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి. ఎవరైనా మీ చిన్న వ్యాపారం హోదాను సవాలు చేస్తే ఎస్‌బీఏ అడిగేది ఆ లెక్కే. యాజమాన్యం గురించి సామ్ అడిగే ప్రశ్న వేరు. మీ ఎల్‌ఎల్‌సీకి ఇంకో కంపెనీ యజమానిగా ఉంటే దాని పేరు చెప్పాలి. మీ ఎల్‌ఎల్‌సీ మీ సొంత పేరు మీదే ఉంది కాబట్టి అక్కడ హైదరాబాద్ కంపెనీ ప్రస్తావన రాదు.

మహిళా యాజమాన్యం గురించి. సామ్‌లో దీనికి రెండు వేర్వేరు గడులు ఉంటాయి, చూసుకోకపోతే కలగాపులగమైపోతాయి. కంపెనీలో కనీసం 51 శాతం మహిళలదై, నిర్వహణ కూడా మహిళల చేతిలో ఉంటే మహిళల యాజమాన్యంలోని చిన్న వ్యాపారం అని చెప్పుకోవచ్చు. దానికి పౌరసత్వం అడగరు. అది నిజంగా మీరు నడుపుతున్న కంపెనీ అయితే ఆ మాట పెట్టుకోండి. ఎస్‌బీఏ వారి మహిళా కార్యక్రమం మాత్రం వేరు. దాని కింద ప్రత్యేకించి పెట్టిన కాంట్రాక్టులకు పోటీ పడాలంటే యజమానురాలు అమెరికా పౌరురాలై ఉండాలి, ఎస్‌బీఏ సర్టిఫికేషన్ ఉండాలి. 2020 అక్టోబరు నుంచి మన అంతట మనం ‘అర్హులమే’ అని చెప్పుకుంటే చెల్లదు. సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన వారి కంపెనీల కోసం ఎస్‌బీఏ నడిపే 8(ఎ) కార్యక్రమానికి కూడా పౌరసత్వం తప్పదు. కాబట్టి గ్రీన్ కార్డు ఉన్నంతవరకు మొదటి గడి సరే, రెండోదాని జోలికి వెళ్లకండి. మామూలు చిన్న వ్యాపారాల కోటా కాంట్రాక్టులకు మీకు అడ్డం ఏమీ లేదు.

ఈ ప్రశ్నలన్నిటికీ ఇన్నాళ్లూ సీపీఏ గారు మీ తరఫున జవాబులు పెట్టుంటారు, మీరు చూసి ఉండరు. ఈసారి ఆ ప్రశ్నలుండే భాగం మొత్తం మీరే కూర్చుని చదవండి. అది సామ్‌లో పెద్ద భాగం, ఇంగ్లిషు కూడా వకీలు భాషలో ఉంటుంది. ఒక సాయంత్రం దానికే కేటాయించండి. అక్కడ చెప్పేది ప్రభుత్వానికి మీరిచ్చే ధ్రువీకరణ. తెలిసి తప్పు చెప్పి కాంట్రాక్టు సంపాదిస్తే ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద నష్టానికి మూడింతలు కట్టాల్సి రావొచ్చు. మీరు తప్పు చేస్తారని కాదు, ఇంకొకరు పోయినేడాది కాపీ చేసిన జవాబు మీ సంతకంగా ఉండకూడదని చెబుతున్నాను.

అక్కడ ఒక ప్రశ్న మీ కొత్త ఆఫీసుకు నేరుగా సంబంధించింది. హువావే, జెడ్‌టీఈ, హైటెరా, హిక్‌విజన్, దహువా కంపెనీల కమ్యూనికేషన్, వీడియో నిఘా పరికరాలు మీరు వాడుతున్నారా అని అడుగుతుంది. 2019 రక్షణ బడ్జెట్ చట్టంలోని సెక్షన్ 889 వల్ల వచ్చిన నిషేధం ఇది. వాటిని వాడే కంపెనీలతో కాంట్రాక్టులు చేసుకోకూడదన్న భాగం 2020 ఆగస్టు 13 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ పనికే వాడాలని లేదు, మీ ఆఫీసు గుమ్మం పైన పెట్టినా వాడినట్టే. ఇంతకుముందు అద్దెకున్న వాళ్లు వదిలేసిన కెమెరాలు ఏమైనా ఉన్నాయా? స్టూలు వేసుకుని ఎక్కి, కెమెరా అడుగున, రికార్డరు వెనక అంటించిన లేబుల్ చదవండి. ఇవి వేరే బ్రాండ్ల పేర్లతో కూడా అమ్ముడవుతుంటాయి, కాబట్టి పైన కనిపించే పేరుతో సరిపెట్టుకోకుండా మోడల్ నంబరు వెతికి చూడండి. ‘లేదు’ అని టిక్ పెట్టేముందు ఈ పని చేసి, లేబుళ్ల ఫొటోలు ఫైల్లో పెట్టుకోండి.

పని కోడ్‌ల జాబితా కూడా ఒకసారి తిరగేయండి. ఆరేళ్ల కిందట పెట్టినప్పుడు మీరు చేసిన పని వేరు, ఇప్పుడు చేసేది వేరు. కొత్తగా చేస్తున్న పనుల కోడ్‌లు లేకపోతే, కాంట్రాక్టరు కోసం వెతికే అధికారులకు మీరు కనిపించరు. అలాగని చేయని పనులన్నీ చేర్చి నలభై కోడ్‌లు పెట్టకండి. అలా చేస్తే మీరు అసలు ఏం చేస్తారో చదివేవాళ్లకు అర్థం కాదు.

వీటిలో ఎక్కడైనా ఆగిపోతే ఉచితంగా సాయం చేసే వాళ్లున్నారు. మీకు దగ్గర్లోనే, జార్జ్ మేసన్ యూనివర్సిటీ నడిపే వర్జీనియా అపెక్స్ యాక్సిలరేటర్ ఉంది. రక్షణ శాఖ నిధులతో నడిచే వ్యవస్థ, పాత పేరు పీటాక్. దేశమంతా ఇలాంటివి ఉన్నాయి. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉన్న మన వాళ్లూ తమ దగ్గర్లోని అపెక్స్‌కి వెళ్లొచ్చు. మెయిల్స్ పంపే వాళ్లు 599 డాలర్లకు చేస్తామనే పనిని వీళ్లు మీ పక్కన కూర్చుని నేర్పిస్తారు. అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి. ఫెడరల్ సర్వీస్ డెస్క్‌తో మాట్లాడిన ప్రతిసారీ టికెట్ నంబరు రాసి పెట్టుకోండి. ఒకే విషయానికి రెండు మూడు టికెట్లు తెరిస్తే పని వేగంగా జరగదు, ఇంకా చిక్కుపడుతుంది.

ఈ గండం గడిచాక వచ్చే ఏడాది రెన్యువల్ ఏ నెలలో పడాలో మీరే ఎంచుకోండి. ఏడాది మధ్యలో ఎప్పుడు రికార్డు మొత్తం సరిచూసి సబ్‌మిట్ చేసినా గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది కాబట్టి అది మీ చేతిలోనే ఉంది. ఆగస్టు, సెప్టెంబరు మాత్రం వద్దు. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది, ఆ లోపు డబ్బు ఖర్చు పెట్టాలని ఏజెన్సీలు హడావిడిగా కాంట్రాక్టులు ఇచ్చే కాలం అది. అప్పుడు మీ రికార్డు పరిశీలనలో ఇరుక్కోకూడదు. మీ ఫోన్ క్యాలెండర్‌లో, మీ వారి ఫోన్‌లో కూడా గడువుకు 90 రోజుల ముందు ఒక గుర్తు పెట్టుకోండి, సామ్ పంపే మెయిల్స్ కోసం ఎదురుచూడకుండా. వర్జీనియా రాష్ట్ర ప్రభుత్వ పనులకు వాడే ఈవీఏ రిజిస్ట్రేషన్ ఉంటే అది పూర్తిగా వేరే రికార్డు. సామ్‌లో మార్చిన చిరునామా అక్కడికి వెళ్లదు, విడిగా మార్చుకోవాలి.

26న బిడ్ పంపేముందు సామ్‌లో మీ కంపెనీని లాగిన్ లేకుండా, బయటివాళ్లు వెతికినట్టు వెతికి చూడండి. ‘యాక్టివ్’ అన్న మాట, కొత్త చిరునామా, కొత్త గడువు తేదీ మూడూ కనిపిస్తే ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచి, బిడ్ పత్రాల ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. బిడ్‌లో రాసిన కంపెనీ పేరు, యూఈఐ ఆ పేజీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసుకుని అప్పుడు పంపండి.